డెజర్టా? డిజర్టా?

మా చిన్న బేటీ ఏడో తరగతి. మొన్న మగ్‌రిబ్ తర్వాత ఇంగ్లీషు పాఠం పైకి చదువుతోంది. ఒంటెలు ఎడారిలో నడుస్తాయని అందులో ఒక వాక్యం. ఎడారిని డెజర్ట్ అనాలి. తను డిజర్ట్ అంది. "ఒంటెలు ఖుబానీ కా మీఠాలో నడుస్తాయా బేటా?" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. తను నవ్వలేదు. కితాబు మూసేసి లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు పైకి చదవనేలేదు.

తప్పు నాదే. ఆ నవ్వు ఎంత బాధిస్తుందో నాకు తెలుసు. కుర్రతనంలో ఒక నౌకరీకి దరఖాస్తు పెడుతూ, హాబీ దగ్గర డైరీ రాయడం అని రాయబోయి రెండక్షరాలు తారుమారు చేశాను. అది డెయిరీ అయిపోయింది. ఇంటర్వ్యూలో ఒక సాహెబు "ఎన్ని గేదెలున్నాయి?" అని అడిగాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆ తర్వాత ఏమడిగినా నా నోరు పెగల్లేదు. నౌకరీ రాలేదు.

మూడో రోజు బేటీని పక్కన కూర్చోబెట్టుకుని మాఫీ అడిగాను. "ఒక ఎస్ ఉండి డెజర్ట్ అంటే సహ్రా, అంటే ఎడారి. రెండు ఎస్‌లు ఉంటే డిజర్ట్, భోజనం తర్వాత తినే మీఠా. ఇంకో తమాషా చూడు. ఒక ఎస్ మాటనే డిజర్ట్ అని పలికితే విడిచిపెట్టి పోవడం అని అర్థం" అన్నాను. "అయితే నాదేం తప్పు అబ్బా? ఆ స్పెల్లింగుదే" అంది. నిజమే!

ఇంగ్లీషులో రాత ఒక దారి, పలుకు ఒక దారి. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వల్ల స్పెల్లింగులు మెల్లగా స్థిరపడ్డాయి. జనం నాలుకలు మాత్రం మారుతూనే పోయాయి. ఫ్రెంచి, లాటిన్ మాటలు కూడా వచ్చి కలిశాయి. అందుకే ఒకే స్పెల్లింగును టియర్ అంటే ఆఁసూ, టేర్ అంటే చింపడం. విండ్ అంటే హవా, వైండ్ అంటే చుట్టడం. లీడ్ అంటే ముందుండి నడపడం, లెడ్ అంటే సీసం. మినిట్ అంటే నిమిషం, మైన్యూట్ అంటే అతి సూక్ష్మం. వాక్యం మొత్తం చూస్తేగాని ఏది పలకాలో తెలియదు.

ఈ చిక్కు మన ఇళ్ళకు కొత్తేం కాదు. జీమ్‌తో జలీల్ అంటే ఘనుడు. జాల్‌తో జలీల్ అంటే బేఇజ్జత్ అయినవాడు. తెలుగులో రాస్తే రెంటికీ ఒకే 'జ'. జలీల్ సాబ్‌ని జాల్‌తో పిలిచి చూడండి, మళ్ళీ మీ ఇంట చాయ్ తాగడు! ఈ తేడా చిన్నప్పటి నుంచి వినే మన పిల్లలకు ఇంగ్లీషు జెడ్ పలకడం కష్టం కాదు. అడ్వైస్ అంటే సలహా, చివర 'స'. అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం, చివర జాల్ శబ్దం. ఇలా ఉర్దూతో ముడిపెట్టి చెబితే బేటీకి వెంటనే పట్టుబడింది.

తల్లిదండ్రులకు నా అర్జీ ఒక్కటే. పిల్లలు తప్పు పలికితే సరైనది మీరు ఒకసారి పలికి వినిపించండి. మీకే షక్ ఉంటే ఇద్దరూ కలిసి డిక్షనరీ చూడండి. నవ్వితే మాత్రం తప్పుతో పాటు చదువూ ఆగిపోతుంది.

నిన్న దర్జీ దుకాణంలో "షర్టు లూజు అయింది భాయ్" అన్నాను. పక్కనుంచి బేటీ నా చెయ్యి గిల్లింది. "అబ్బా, లూజ్ అంటే పోగొట్టుకోవడం. వదులుగా ఉంటే లూస్!" అంటూ పకపకా నవ్వింది. దర్జీ కూడా నవ్వాడు. నా బాకీ తీరింది. రాత్రి మళ్ళీ పాఠం పైకి చదివింది.