అనాతోతు పొలం, మన ఏడు సెంట్లు



మూడు నెలలుగా ఏమీ రాయలేదు. ఫోన్ చేసి "అయ్యగారూ, అంతా బాగున్నారా?" అని అడిగిన వారందరికీ కలిపి ఇక్కడే జవాబు చెబుతున్నాను. దేవుని కృపను బట్టి క్షేమంగా ఉన్నాం. కాని ఇంట్లోనూ సంఘంలోనూ చాలా మార్పులు వచ్చాయి.

మొదట ఇంటి సంగతి. మా పెద్దబాబు చేసే కాంట్రాక్టు పని వేసవిలో అయిపోయింది. నాలుగు నెలలు ఇక్కడే వెతికాడు. ఇప్పుడు ఒడిశాలోని కళింగనగర్‌లో క్రేన్ ఆపరేటర్‌గా చేరాడు. సంక్రాంతి దాటాక కోడలు, పిల్లలు కూడా వెళ్తారు. అమ్మగారు పైకి ఏమీ అనదు గాని, మనవరాలికి కంఠత వాక్యం నేర్పేటప్పుడు గొంతు బొంగురుపోతోంది. మా అమ్మకు 78 ఏళ్లు. మోకాళ్లు సహకరించకపోయినా శుక్రవారం ఉపవాస ప్రార్థన మానలేదు.

సంఘంలో ఈ ఏడాది పదకొండు కుటుంబాలు ఊరు విడిచాయి. హైదరాబాదు కొందరు, పుణె కొందరు, కువైట్ ఇద్దరు. ఆదివారం వెనక చాపలు పరచడం లేదు.

ఇంతలో మరో సంగతి. 2025 అక్టోబర్‌లో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. అప్పటినుంచి టీకొట్టు దగ్గర తర్లువాడ, రాంబిల్లి, సెంటు ధర తప్ప వేరే మాట లేదు. మన మందిరం స్థలం అడుగుతూ ఒక మధ్యవర్తి రెండుసార్లు వచ్చాడు. ఆ ఏడు సెంట్లు కూలి చేసుకునే ఒక తల్లి తనకున్న పన్నెండు సెంట్లలోంచి ఇచ్చినవని మీకు తెలుసు. అమ్మి లోపలికి వెళ్లి పెద్ద స్థలం కొందామని కొందరన్నారు. అందులోనూ న్యాయం ఉంది. అయితే ఒక పెద్దాయన, "వెళ్లిపోయినవాళ్లకు ఇక్కడ మాట లేదు" అన్నారు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఎందుకంటే మా కుటుంబమే వెళ్లిపోయిన కుటుంబం. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అంటూ సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు అర్పించారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. మా తాతల ఊరు వాటిలో ఒకటి. ఇప్పుడది ప్లాంటు గోడ లోపల ఉంది. ఆర్ కార్డు మీద నాన్నకు ఖలాసీ ఉద్యోగం వచ్చింది, ఆ జీతంతోనే మేం నలుగురం చదువుకున్నాం. కార్డు ఉండీ ఉద్యోగం రానివారు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. 2021 జనవరి 27న ప్లాంటును ప్రైవేటుపరం చేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్నవారిలో మన సంఘస్థులూ ఉన్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అయినా ఏ ఇంట్లోనూ ఆ భయం పూర్తిగా పోలేదు.

ఆ రాత్రుల్లో యిర్మీయా గ్రంథం మళ్లీ చదివాను. 32వ అధ్యాయంలో బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. ప్రవక్త బందీగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనమంటాడు. శత్రువు చేతిలోకి పోబోతున్న నేలకు ఎవరైనా డబ్బు కడతారా? యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులను పెట్టి పత్రం రాయించి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో దాచమన్నాడు. ఆ పొలంలో అతను పంట కోసినట్టు ఎక్కడా లేదు. చివరికి అతన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు.

అయితే మూడు అధ్యాయాల ముందే, 29వ అధ్యాయంలో, ఇదే యిర్మీయా బబులోనుకు చెరపట్టబడినవారికి ఉత్తరం రాశాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. తొందరగా తిరిగి వచ్చేస్తారని వారికి అబద్ధపు ఆశ చూపలేదు.

ఒకే ప్రవక్త, ఒకే దేవుడు. ఇక్కడున్నవానికి పొలం కొనమన్నాడు, అక్కడున్నవారికి తోట నాటమన్నాడు. ఉన్నవారు నమ్మకస్థులు, వెళ్లినవారు పారిపోయినవారు అని ఆయన ఎక్కడా చెప్పలేదు. పోయిన ఆదివారం పెద్దల కూటంలో ఈ రెండు అధ్యాయాలూ చదివించాను. ఆ పెద్దాయనే లేచి, "అయితే వాళ్లనూ ఫోన్‌లో అడుగుదాం" అన్నారు. అడిగాం. పదకొండు కుటుంబాల్లో తొమ్మిది స్థలం ఉంచమన్నాయి. మిగతా రెండూ సంఘం మాటే తమ మాట అన్నాయి.

కాబట్టి ఏడు సెంట్లు అమ్మడం లేదు. జనం తగ్గినా, వానకు కారుతున్న రేకులు వేసవిలోగా మార్చాలని తీర్మానించాం. ఎవరూ అప్పు చేసి కానుక పంపవద్దు.

దూరాన ఉన్న బిడ్డలారా, మీరున్న చోట ఒక సంఘంలో చేరండి. అక్కడి పొరుగువారి కోసం, మీకు పని ఇచ్చిన ఊరి కోసం ప్రార్థించండి. మా అబ్బాయికీ ఇదే చెప్పి బస్సెక్కించాను. కళింగనగర్ దగ్గర తెలుగు సహవాసం ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. మా అమ్మ మోకాళ్ల కోసం, పని దొరకని మన యౌవనస్థుల కోసం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువు కృప మీకందరికీ తోడై యుండును గాక. ఆమేన్.