మా పేరుతో వచ్చిన ఉత్తరం

షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియా గురించి మన వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. కారు బంపరు దగ్గర్నుంచి బాత్‌రూం టైల్సు దాకా అక్కడ దొరకనిది లేదు, పార్కింగు తప్ప! ఆ సందుల్లోనే ఉన్న ఒక స్పేర్‌పార్ట్స్ కంపెనీకి నేను పదేళ్ళ పైగా కంప్యూటర్ కన్సల్టెంటుని. వారానికి రెండు రోజులు వెళ్ళి వాళ్ళ సర్వర్లూ, మెయిళ్ళూ చూసి వస్తుంటాను.

2023 నవంబరులో ఒక గురువారం సాయంత్రం రాజంపేట దగ్గర మా ఊరి నుంచి ఫోను. మా పిన్నమ్మ వాళ్ళ పక్కింటి కుర్రాడు. "అన్నా, నువ్వు పోయే కంపెనీలోనే నాకు డ్రైవరు ఉద్యోగం వచ్చింది. 18 నంబరు వీసా. మెయిల్లో ఆఫర్ లెటర్ పంపినారు. ఫైలు ఖర్చులకని నలభై వేలు కట్టినా" అన్నాడు సంబరంగా. నా గుండె జారిపోయింది. ఆ కంపెనీ డ్రైవర్లని తీసుకుని రెండేళ్ళు దాటింది.

మెయిలు తెప్పించి చూస్తే పంపినవారి చిరునామా అక్షరం పొల్లు పోకుండా మా కంపెనీదే. ఎవరో మా సర్వర్లోకి చొరబడ్డారనుకుని, మర్నాడు శుక్రవారం సెలవైనా వెళ్ళి లాగులన్నీ తిరగేశాను. ఆ ఉత్తరం అసలు మా గడప దాటనే లేదు. ఎవరూ చొరబడలేదు. చొరబడాల్సిన అవసరమే లేదు!

చిన్నప్పటి ఇన్‌లాండ్ లెటరు గుర్తుందా? వెనక "ఫ్రమ్" అన్నచోట మనం ఏ పేరు రాసినా పోస్టాఫీసు వాళ్ళు అడిగేవారు కాదు. 1982లో రాసుకున్న ఈ-మెయిల్ నియమాలూ అంతే. అప్పట్లో నెట్‌వర్కు వాడేవాళ్ళు కొద్దిమందే, దాదాపు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. దొంగ సంతకం పెట్టే అవసరం ఎవరికుంటుంది? ఆ లోటు పూడ్చడానికి తర్వాత మూడు పద్ధతులు వచ్చాయి. ఎస్‌పీఎఫ్ అంటే, మా పేరుమీద ఉత్తరాలు పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉందని డీఎన్ఎస్‌లో రాసి పెట్టడం. డీకిమ్ అంటే ప్రతి మెయిలుకీ మన సర్వరు వేసే ముద్ర. ఆ ముద్ర నిజమైనదో కాదో చూసుకునే తాళంచెవి కూడా డీఎన్ఎస్‌లోనే ఉంటుంది. ఈ రెండూ 2006, 2007 నాటివి. 2012లో వచ్చిన డీమార్క్ వీటికి పెద్దన్న. ఎస్‌పీఎఫ్ చూసేది లోపలి కవరు మీది చిరునామాని, మన కంటికి కనబడేదాన్ని కాదు. దొంగ లోపలి కవరు మీద తన సొంత డొమైను రాసుకుని, పైన మాత్రం మా పేరు పెట్టాడు. ఎస్‌పీఎఫ్ పరీక్ష హాయిగా పాసయ్యాడు! లోపలి పేరూ, పై పేరూ కలవాలనేది డీమార్క్. కలవకపోతే ఆ మెయిలుని ఏం చేయాలో కూడా మనమే చెప్పొచ్చు.

మా డొమైనుకి డీమార్క్ లేదు. ఇవన్నీ నాకు తెలియక కాదు. మెయిళ్ళు సవ్యంగా పోతున్నాయి కదా, కెలకడం దేనికని ఊరుకున్నాను. ఆ కుర్రాడి నలభై వేలలో నా బద్ధకం వాటా కూడా ఉంది.

అర్బాబ్‌కి ఇదంతా నోటితో చెబితే తలకెక్కలేదు. సరే, ఆయన అనుమతితోనే, బయట అద్దెకి తీసుకున్న సర్వరు నుంచి ఆయన పేరుతో ఆయన సొంత జీమెయిల్‌కే ఒక ఉత్తరం పంపాను: "కన్సల్టెంటు జీతం రెట్టింపు చేయండి" అని. ఫోను టింగుమంది. "యా ముహందిస్, ఇది నేను రాయలేదే!" అన్నాడాయన కళ్ళద్దాలు సర్దుకుంటూ. పని మొదలుపెట్టమన్నాడు. జీతం సంగతి మాత్రం ఎత్తలేదు.

మొదటి పరీక్షలోనే నా పరువు పోయింది. ఎస్‌పీఎఫ్ వరస కొత్తగా రాసి, నా జీమెయిల్‌కి ఒక మెయిలు పంపి, "షో ఒరిజినల్" నొక్కి చూస్తే ఎస్‌పీఎఫ్ తప్పింది. ఎప్పుడో ఎవరో రాసిన పాత వరస అలాగే ఉంది. ఒక డొమైనుకి రెండు ఎస్‌పీఎఫ్ వరసలుంటే రెండూ చెల్లవు. ఇక డీకిమ్ తాళంచెవి 2048 బిట్లది. డీఎన్ఎస్‌లో ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు. ప్యానెల్ దాన్ని చెప్పాపెట్టకుండా మధ్యలో కత్తిరించేసింది. రెండు ముక్కలుగా రాశాక గానీ మూడింటి పక్కనా "పాస్" అని కనబడలేదు.

డీమార్క్‌ని ఒకేసారి బిగించకూడదు. ముందు "నన్" అని పెట్టాను, అంటే ఎవరినీ ఆపొద్దు, ఎవరెవరు మా పేరుతో పంపుతున్నారో మాత్రం చెప్పండి అని. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ రోజువారీ లెక్కలు పంపసాగాయి. అందులో ముక్కూమొహం తెలియని ఐపీలు సరే, మా సొంతవాళ్ళే ఇద్దరు దొరికారు! గోడౌన్లో స్కాన్లు పంపే పాత కాపీ మెషినొకటి, నెలాఖరున ఖాతాదారులకి స్టేట్‌మెంట్లు పంపే అకౌంట్స్ ప్రోగ్రామొకటి. మొదటిరోజే "రిజెక్ట్" పెట్టి ఉంటే బిల్లులన్నీ గాల్లో కలిసేవి. ఆ ప్రోగ్రాము చూసే ఈజిప్టు అకౌంటెంటు "బుక్రా, ఇన్షా అల్లా" అంటూ ఆరు వారాలు తిప్పాడు. ఈలోగా, 2024 ఫిబ్రవరి నుంచి, పెద్ద ఎత్తున మెయిళ్ళు పంపేవాళ్ళకి ఈ మూడూ ఉండి తీరాలని గూగుల్, యాహూ నిబంధన పెట్టాయి. మేం అంత పెద్దవాళ్ళం కాకపోయినా, ఆ వార్త చూపించి పని చేయించుకున్నాను. ఫిబ్రవరిలో "క్వారంటైన్", రంజాను నెలలో "రిజెక్ట్". ఆ రాత్రి నా దొంగ ఉత్తరం మళ్ళీ పంపి చూశాను. జీమెయిల్ 550 అంటూ మొహాన కొట్టింది. తిట్టించుకుని అంత సంతోషించిన రోజు ఇంకోటి లేదు.

కుర్రాడి చేత 1930కి ఫోను చేయించి ఫిర్యాదు ఇప్పించాను. అప్పటికే మూడు వారాలు గడిచాయి, డబ్బు రాలేదు.

మొన్న వేసవిలో వాడే మళ్ళీ ఇంకో ఆఫర్ లెటరు పంపాడు. ఈసారి డొమైను పేరులో ఒక అడ్డగీత ఎక్కువుంది. హెడర్లు విప్పి చూశాను. ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్! దొంగ తన సొంత డొమైను కొనుక్కుని, నాకంటే శ్రద్ధగా మూడు వరసలూ రాసుకున్నాడు. వెంటనే ఫోను చేశాను.

"డబ్బు కట్టినావా?"

"లేదన్నా. ముందు నీకు చూపిద్దామని."

ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంటు పేరుందో లేదో ఎలా వెతకాలో చెప్పి, మా కంపెనీ మందూబ్ నంబరు కూడా ఇచ్చాను.