జులపాల కథ

మనిషి శరీరములో కోసినను నొప్పి తెలియనివి రెండు కలవు. ఒకటి గోరు, రెండవది వెండ్రుక. తలమీది వెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. కత్తిరించినచో మరల పెరుగును. అది ఎవ్వరిని కొట్టదు, ఎవ్వరిని తిట్టదు. ఇంత సాధువైన వస్తువును గురించి లోకములో ఎన్ని తగవులు జరిగినవో తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. దీని కొరకు తండ్రీకొడుకులు మాటలు మానుకొనిరి. బడులవారు పిల్లలను వెలుపలికి పంపిరి. న్యాయస్థానములలో వాదములు జరిగెను. ఒకానొక దేశములో ప్రభుత్వమే కత్తెర చేతబట్టెను.

ఈ తగవులన్నిటిలోను నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది పాశ్చాత్యదేశముల రాక్ సంగీతకారుల జులపాల కథ. నేను కళాశాలలో చదువుకొను దినములలో ఒక మిత్రుని గదిలో ఆ సంగీతమును మొదటిసారి వింటిని. వినుటకు ముందే క్యాసెట్టు అట్టమీది బొమ్మ నా కంటబడెను. నలుగురు మనుష్యులు, భుజములు దాటిన జుట్టు, ముఖములు సగమే కనబడుచుండెను. “వీరు పాడుదురా, పోట్లాడుదురా?” అని అడిగితిని. మిత్రుడు నవ్వి, “ముందు వినరా! చూచుట తరువాత” అనెను. ఆ మాట నాకు నచ్చెను. పాట వింటిని, పిమ్మట ఆ జుట్టు వెనుకనున్న కథను కూడ తెలిసికొనవలెనని కోరిక కలిగెను.

ఆ కథకు పోవుటకు ముందు మన ఇండ్లలో జరిగిన సంగతి నొకదానిని జ్ఞాపకము చేయవలసియున్నది. వంద సంవత్సరములకు పూర్వము తెలుగునాట అనేక కుటుంబములలో మగవారికి పిలక గాని జుట్టుముడి గాని ఉండెడిది. ఇంగ్లీషు చదువులతోపాటు క్రాపు వచ్చెను. మా తాతగారు పదునారవయేట పిలక తీయించి, క్రాపు చేయించుకొని ఇంటికి రాగా, ఆయన తండ్రిగారు మూడుదినములు ఆయనతో మాటలాడలేదట. ఈ ముచ్చట మా నాయనమ్మ చెప్పెడిది. ఆ తాతగారే 1970ల దశకములో మా చిన్నాన్న చెవులు మూసికొనిపోవునట్లు ‘హిప్పీ క్రాపు’ పెంచగా సహింపలేక, క్షురకుని ఇంటికే పిలిపించిరి. ఒక తరములో జుట్టు తీయుట తప్పు. మరియొక తరములో తీయకుండుట తప్పు. జుట్టు పొడవు మారెను గాని పెద్దల కోపము మారలేదు. ఇది మనసులో నుంచుకొన్నచో పాశ్చాత్యుల కథ మనకు వింతగా తోచదు.

1950ల దశకములో అమెరికాలో రాక్ సంగీతము పుట్టినపుడు దానిని పాడువారికి జులపాలు లేవు. ఎల్విస్ ప్రెస్లీ అను గాయకుడు జుట్టునకు నూనె రాసి వెనుకకు దువ్వెడివాడు. చెవుల ముందు చెంపలమీదికి కొంత జుట్టు దించెడివాడు. అంతమాత్రమునకే పెద్దలు ముఖము చిట్లించిరి. 1958 మార్చిలో అతడు సైన్యములో చేరినపుడు, అతని జుట్టు కత్తిరించుటను చూచుటకు పత్రికల ఛాయాగ్రాహకులు గుమిగూడిరి. ఒక సైనికుని క్షవరము వార్తయయ్యెను!

తరువాత వచ్చిన వారు బీటిల్స్. ఇంగ్లండులోని లివర్పూలు నగరమునకు చెందిన యువకులు వీరు. జర్మనీలోని హాంబర్గు నగరములో పాడుచున్న కాలమున, అచటి మిత్రులు నూనె లేకుండ జుట్టును నుదుటిమీదికి దువ్వుకొనుట చూచిరి. 1961లో జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీలు ప్యారిస్ నగరములో ఒక జర్మను మిత్రునిచే తమ జుట్టును కూడ అట్లే కత్తిరింపించుకొనిరి. 1964 ఫిబ్రవరి 7వ తేదీన బీటిల్స్ నలుగురును న్యూయార్కులో దిగినపుడు విలేఖరులు పాటలను గురించి అడిగినంతగా జుట్టును గురించియు అడిగిరి. ‘క్షవరము చేయించుకొందురా?’ అని ఒకరు ప్రశ్నింపగా, జార్జి హారిసన్ తాను నిన్ననే చేయించుకొంటినని చమత్కరించెను. రెండు దినముల తరువాత వారు టెలివిజనులో పాడగా సుమారు 7 కోట్ల 30 లక్షలమంది చూచిరి. వారి జుట్టును పోలిన సవరములు అంగళ్లలో అమ్ముడుపోయెను. నేడు ఆ ఛాయాచిత్రములను చూచినచో నవ్వు వచ్చును. వారి జుట్టు నుదుటిని, చెవుల కొనలను కప్పుచుండెను గాని భుజములను తాకనైన తాకలేదు.

మరి అంత అలజడి ఏల? దీనికి కారణము కలదు. ఆ పెద్దలు రెండు ప్రపంచయుద్ధముల కాలమువారు. యుద్ధకందకములలో పేలబాధ మిక్కిలిగా నుండుటచే సైనికులు జుట్టు పొట్టిగా నుంచుకొనవలసివచ్చెను. నాటినుండి పొట్టిజుట్టు శుభ్రతకును, క్రమశిక్షణకును, మగతనమునకును గురుతయ్యెను. బ్రిటనులో యుద్ధానంతరము కూడ యువకులందరు కొంతకాలము సైన్యములో పనిచేయవలెనను చట్టముండెడిది. 1960తో ఆ పిలుపులు ఆగిపోయెను. చివరివారు 1963లో ఇల్లు చేరిరి. 1940వ సంవత్సరము మొదలు 1943 వరకు పుట్టిన బీటిల్స్, సైనిక క్షురకుని కుర్చీలో కూర్చుండు అవసరము తప్పిన మొదటి తరమువారు. కావున వారి నుదుటిమీది జుట్టు పెద్దల కంటికి అలంకారముగా కనబడలేదు. తాము పడిన కష్టమును మరచిన పిల్లల నిర్లక్ష్యముగా కనబడెను. పెద్దల బాధను మనము తేలికగా త్రోసివేయరాదు. కాని ఆ బాధ పిల్లలను ఎచ్చటికి నెట్టెనో కూడ చూడవలెను.

1964 నవంబరులో డేవిడ్ జోన్స్ అను 17 ఏండ్ల బాలుడు బి.బి.సి. టెలివిజనులో కనబడి, పొడవైన జుట్టుగల మగవారిని హింసనుండి కాపాడుటకు తామొక సంఘమును స్థాపించితిమని చెప్పెను. వీథిలో తమను చూచి పిలుచు ఎగతాళి పిలుపులకు విసిగితిమనెను. అందులో సగము హాస్యమే. ఆ బాలుడే తరువాత డేవిడ్ బోవీ అను పేరున ప్రఖ్యాత గాయకుడయ్యెను.

రెండేండ్ల తరువాత అమెరికాలో జరిగినది హాస్యము కాదు. 1966లో టెక్సాస్ రాష్ట్రములోని డల్లాస్ నగరమున ముగ్గురు విద్యార్థులు క్రొత్త విద్యాసంవత్సరమునకు ఉన్నత పాఠశాలలో చేరబోయిరి. ముగ్గురును ఒక రాక్ బృందములో వాయించువారు. జుట్టు కత్తిరించినగాని చేర్చుకొనమని ప్రధానోపాధ్యాయుడు చెప్పెను. బృందమునకు ఆ జుట్టు అవసరమని వారు న్యాయస్థానమునకు పోయిరి. పాఠశాలపక్షమువారు చెప్పిన కారణములలో నొకటి మిక్కిలి గమనింపదగినది: పూర్వము కొందరు బాలురు తమ సహాధ్యాయి జుట్టు పొడవుగా నున్నదని తామే కత్తిరింపజూచిరట, అట్టి అల్లరి మరల జరుగకుండ నియమము కావలెనట! అల్లరి చేయబోయినవారి చేతిలోని కత్తెరను తీసికొనుటకు మారుగా, అల్లరికి గురియైనవాని జుట్టును తీయుమనిరి. 1968లో అప్పీలు న్యాయస్థానము పాఠశాలవారి పక్షముననే తీర్పు చెప్పెను. అత్యున్నత న్యాయస్థానము ఆ వివాదమును విచారణకు స్వీకరింపలేదు. న్యాయమూర్తి విలియం డగ్లస్ మాత్రము దానితో ఏకీభవింపలేదు. మరుసటి సంవత్సరము విస్కాన్సిన్ రాష్ట్రపు వివాదములో వేరొక అప్పీలు న్యాయస్థానము విద్యార్థుల పక్షమును సమర్థించెను. ఒకే దేశము, ఒకే రాజ్యాంగము, ఇంచుమించు ఒకే పొడవు జుట్టు. తీర్పులు మాత్రము రెండు.

అంతలో వియత్నాం యుద్ధము తీవ్రమయ్యెను. యుద్ధము వలదనిన యువకులలో అనేకులు సైనికుని పొట్టిజుట్టునకు ఎదురుగా తమ జుట్టును పెంచిరి. 1968లో న్యూయార్కులోని బ్రాడ్వే రంగస్థలమున ‘హెయిర్’ అను సంగీతనాటకము ప్రదర్శింపబడెను. దాని పేరే జుట్టు. 1969 ఆగస్టులో వుడ్స్టాక్ సంగీతోత్సవమునకు సుమారు నాలుగులక్షలమంది చేరిరి. ఆ సభలో జులపాలు లేనివాడే వింతగా కనబడియుండును.

ఈ వేషము సముద్రములు దాటగా భయమును వెంట దాటెను. 1970ల దశకములో సింగపూరు ప్రభుత్వము పొడవైన జుట్టుపై ఉద్యమమే నడపెను. కనుబొమ్మలను తాకు జుట్టు, చెవులను కప్పు జుట్టు, చొక్కా కాలరు దిగిన జుట్టు — ఇవి బొమ్మలుగా గీయించి కార్యాలయములలో అంటించిరి. అట్టి మగవారి పని అందరి తరువాతనే చూడబడునని వ్రాయించిరి. 1972లో లెడ్ జెప్పెలిన్ అను ప్రసిద్ధ బృందము జుట్టు కారణముననే అచట కచేరీ చేయజాలకపోయెను. ఆ నిషేధములు నేడు లేవు.

ఇంతవరకు విన్నవారికి ఈ కథలో తప్పంతయు పెద్దలదే అనిపింపవచ్చును. ఇకమీది భాగమును కూడ వినవలెను. 1976 ప్రాంతమున ఇంగ్లండులో ‘పంక్’ అను క్రొత్త తీరు సంగీతము బయలుదేరెను. ఆ యువకులకు జులపాలే పాతవాసన కొట్టెను. వారు జుట్టును పొట్టిగా కత్తిరించి ముళ్లవలె నిలిపిరి. ‘హెవీ మెటల్’ అను వేరొక శాఖవారు మాత్రము జులపాలను విడువలేదు. బిగ్గరగా మ్రోగు గిటారులకు అనుగుణముగా తల నూపుచు జుట్టును చెదరనిచ్చుట వారి కచేరీలలో ఆచారమయ్యెను. 1981లో ఏర్పడిన మెటాలికా బృందము వారిలో అగ్రగణ్యము. 1996లో ఆ బృందము ‘లోడ్’ అను పేర పాటల సంపుటము నొకటి వెలువరించెను. అందలి ఛాయాచిత్రములలో వారందరు పొట్టి జుట్టుతో కనబడిరి. అంతట అభిమానులలో పెద్ద అలజడి పుట్టెను. సంగీతము మారెనని కొందరు కోపించిరి. జుట్టు పోయెనని కొందరు కోపించిరి. వీరు మనలను విడిచిపోయిరని దుఃఖించినవారును కలరు.

నాకు ఈ ఘట్టము డల్లాస్ వివాదమంత ముఖ్యముగా తోచును. ‘మా జుట్టు మా ఇష్టము’ అని ఆరంభమైన కథ ముప్పదియేండ్లలో ‘మీ జుట్టు మా ఇష్టము’ అను మాటగా ముగిసెను. ఒకనాడు స్వేచ్ఛకు గురుతుగా నున్నది మరియొకనాటికి యూనిఫారముగా మారెను. పిలక తీసినందుకు మాటలాడని ముత్తాతగారును, క్షురకుని పిలిపించిన తాతగారును, క్యాసెట్టు కొని కోపించిన అభిమానియు ఒకే వరుసలో నిలిచిరి. తనకు ప్రియమైన గురుతును ఇతరుని తలమీద చూడగోరుట అందరిలోను ఉన్న బలహీనతయే కాబోలు.

నియమములే వలదని నేననను. తిరుగుచున్న యంత్రము చెంత పనిచేయువాడు జుట్టు ముడిచికొనవలెను. వంటశాలలో పనిచేయువాడు తల కప్పుకొనవలెను. అడిగినవెంటనే వీని కారణము చెప్పవచ్చును. ‘చూచుటకు బాగుండలేదు’ అనునది మాత్రము ఒకరి అభిరుచి. అభిరుచికై ఒకరి చదువును ఆపదగునా?

మన ఊళ్లలో ఒక మంచి అలవాటున్నది. గుండుతో బడికి వచ్చిన బాలుని చూచి, ‘తిరుపతి వెళ్లివచ్చినాడు’ అనుకొందుము. మొక్కు కొరకు జుట్టు పెంచి జడ వేసికొని వచ్చిన పసివానిని చూచి, ‘మొక్కు ఉన్నది’ అనుకొందుము. సిక్కు బాలుని తలపాగను చూచి, అది వారి మతాచారమని గ్రహింతుము. కారణము తెలిసినపుడు చూపులోని వింత పోవును. కారణము తెలియనిచోట కూడ అంతటి సహనమును చూపుట కష్టమైన పనియా? మీ తరగతికి రేపు ఒక క్రొత్త విద్యార్థి రావచ్చును. అతని జుట్టు మీ జుట్టువలె ఉండకపోవచ్చును. విద్యార్థులారా, ముందుగా అతని పేరడుగుడు. మీ ప్రక్కన కూర్చుండుటకు చోటిండు.