నిరీక్షణ

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థినిగా ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పెట్టారు. "పిల్లలకు ధైర్యం చెప్పేదిగా ఉండాలమ్మా" అన్నారు. ధైర్యం చెప్పేంత పెద్దదాన్ని కాదు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని కాబట్టి, ఇప్పుడు పీజీ చదువుతున్నాను కాబట్టి అడిగి ఉంటారు. నాకు బాగా తెలిసిన మాట ఒకటి ఉంది. దాని గురించే రాస్తాను. ఆ మాట నిరీక్షణ.

తెలుగులో ఆశ అనే మాట ఉండగా మన బైబిలులో చాలా చోట్ల నిరీక్షణ అని రాశారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం చివర పౌలు చెప్పిన మూడింటిలో విశ్వాసానికీ ప్రేమకూ మధ్య ఉన్నది ఇదే. మందిరం బయట మాత్రం నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బస్సు కోసం, స్కాలర్‌షిప్ కోసం, నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం. సండే స్కూలు రోజుల్లో ఇవి రెండు వేరు వేరు మాటలనుకునేదాన్ని. మా అమ్మ కువైట్ వెళ్ళాక రెండూ ఒకటేనని తెలిసింది.

మాది నరసాపురం దగ్గర ఒక పేట. మా మామ్మ లేసు అల్లుతుంది. వాళ్ళమ్మా అల్లింది. మా వైపు లేసు ఎలా వచ్చిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నరసాపురానికి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో ఇంగ్లండు నుంచి 1836లో బయలుదేరి వచ్చారు. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే ఆయన పిలుపు విని వచ్చినవాళ్ళు. గోదావరి డెల్టా మిషన్ అంటే అదే. నందన కరువు పోయి నాలుగేళ్ళు కూడా కాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట లేదు, కాలువలు లేవు. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. మట్టి తవ్వి, రాళ్ళు మోసినవాళ్ళలో మా పేటల మనుషులు ఉన్నారు. కాటన్ దొర విగ్రహానికి ఊరూరా దండలు పడుతున్నాయి, పడాలి కూడా. తట్టలు మోసినవాళ్ళకు విగ్రహం ఒక్కటైనా ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది. సరే, అది వేరే సంగతి.

ఆ పందొమ్మిదో శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు మన ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. కొత్తగా విశ్వాసులైనవాళ్ళకు కూలి దొరకని రోజుల్లో నాలుగు డబ్బులు వస్తాయని నేర్పారు. తర్వాత అది వ్యాపారమైంది. ఏజెంటు దారం ఉండలు తెచ్చి ఇచ్చి, అల్లిన పువ్వులు లెక్కపెట్టి తీసుకుపోతాడు. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలిపి గుడ్డగా చేయడం అతుకుపని. నేను పీజీలో చేరాక లైబ్రరీలో మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం కనపడింది. మా పేట గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం! రోజంతా అల్లుతున్నా వీళ్ళను పనివాళ్ళుగా లెక్కపెట్టరు, ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఇల్లాళ్ళు కాలక్షేపానికి అల్లుతున్నారని చెప్పి కూలి తగ్గిస్తారు అని ఆవిడ రాసింది. మామ్మకు చదివి వినిపించాను. "ఇంత పుస్తకం ఎందుకే, నన్నడిగితే చెప్పేదాన్ని కాదా" అంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మామ్మ కళ్ళకు మాత్రం శుక్లాలు వచ్చాయి.

ఆ లేసు డబ్బులు చాలకనే అమ్మ వెళ్ళింది. నాన్న భీమవరం వైపు చేపల చెరువుల మీద కాపలా పని. చెరువు గట్టు మీద పాకలోనే పడక, వారానికోసారి ఇంటికి రావడం. అమ్మ 2012లో ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్ళింది. మన నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు ఏ పేటకు వెళ్ళినా ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉన్న అమ్మలు ఉంటారు. మరుసటి సంవత్సరం బి.సి.-సి కోటాలో నాకు ఈ హాస్టల్లో ఆరో తరగతి సీటు వచ్చింది. ట్రంకు పెట్టె, దుప్పటి, కంచం, గ్లాసు. ట్రంకు మూతకు లోపల అమ్మ ఫోటో అంటించుకున్నాను.

బి.సి.-సి అన్నాను కదా, ఆ మాట ఇక్కడే చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. మమ్మల్ని కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళకు బి.సి.-సి కింద 1 శాతం. మా తాత బాప్తిస్మం తీసుకున్నాక కాగితం మీద కూడా క్రైస్తవుడనే రాయించాడు. "దేవుడి దగ్గర ఒక పేరు, తాసీల్దారు దగ్గర ఒక పేరు నావల్ల కాదు" అన్నాడట. దాని ఖరీదు ఇంకా కడుతున్నాం. పీజీ ప్రవేశాలప్పుడు బంధువులు "ఇప్పుడైనా మార్పించుకో, ఎవరడుగుతారు" అన్నారు. నేను మార్చుకోలేదు. అయితే మార్చుకున్నవాళ్ళను, మొదటినుంచీ వేరేగా రాయించుకున్నవాళ్ళను ఒక్క మాట అనను. పిల్లల చదువు ఒక చేతిలో, దేవుణ్ణి ఇంకో చేతిలో పెట్టి ఏదో ఒకటి వదలమనే పరిస్థితి వాళ్ళు తెచ్చుకున్నది కాదు. పేటలో గుడికి వెళ్ళేవాడు తాగిన నీళ్ళూ మందిరానికి వెళ్ళేవాడు తాగిన నీళ్ళూ ఒక్క చెరువువే.

అమ్మ మొదటి రెండేళ్ళు బాగానే ఫోను చేసింది. తర్వాత ఇల్లు మారింది. ఆ ఇంట్లో ఏడు నెలలు జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉంటుంది. అమ్మ ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేసింది. అలా వచ్చేసినవాళ్ళను అక్కడి మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. అకామా ఉండదు. పోలీసులకు దొరికితే జైలు. దొరక్కపోయినా ఇంటికి వచ్చే దారి లేదు. 2016లో ఎనిమిది నెలలు అమ్మ దగ్గరినుంచి ఫోను రాలేదు. బతికుందో లేదో తెలియదు. నేను అప్పుడు ఎనిమిది దాటి తొమ్మిదిలోకి వచ్చాను.

ఆ రోజుల్లో మా ఊళ్ళో స్వస్థత కూడికలు జరిగాయి. వేరే ఊరినుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు నా తల మీద చెయ్యి పెట్టి, క్రిస్మస్‌కి మీ అమ్మ ఇంట్లో ఉంటుంది అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. మామ్మ ఆ ఏడు క్రిస్మస్‌కి అమ్మకు చీర కొని ఉంచింది. అమ్మ రాలేదు. ఆ చీర మడత విప్పకుండా బీరువాలో ఉండిపోయింది. ఆయన పేరు ఇక్కడ అనవసరం. కాని చెల్లెళ్ళారా, పద్నాలుగేళ్ళ పిల్లకు దేవుడి పేరు మీద తేదీ ఇవ్వకూడదు. సాక్ష్యాల కూడికల్లో ప్రార్థన చేశాను, ఉద్యోగం వచ్చింది. ఉపవాసం ఉన్నాను, జ్వరం తగ్గింది అని వింటూ ఉంటాం. జరిగినవాళ్ళు చెప్పుకుంటారు. జరగనివాళ్ళు వెనక వరసలో చాప మీద కూర్చుని వింటారు. నేను ఆ వెనక వరసలో చాలా రోజులు కూర్చున్నాను.

దేవుడి మీద నాకు కోపం వచ్చింది. కోపంగానే బైబిలు తెరిచేదాన్ని. అలాంటప్పుడు దొరికింది 13వ కీర్తన. అందులో భక్తుడు ఇంకా ఎంతకాలం అని దేవుణ్ణి ఒకసారి కాదు, నాలుగు సార్లు నిలదీస్తాడు. ఈ మాట బైబిలులో ఉండొచ్చా అని నాకు ఆశ్చర్యమేసింది. నేను ఎవరికీ చెప్పకుండా దుప్పటి కప్పుకుని అడుగుతున్న ప్రశ్న అచ్చువేసి ఉంది. దాన్ని ఎవరూ కొట్టేయలేదు. అప్పటినుంచి నాకు ప్రార్థన అంటే భయం పోయింది.

ఇంకొకటి మా సండే స్కూలు టీచరు గారు చూపించారు. జనవరి 1న మన ఇళ్ళల్లో వాగ్దానం కార్డులు తీసుకుంటాం కదా. ఆ ఏడు నాకు యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వచ్చింది. ఎక్కువమంది గోడ మీద ఉండేది అదే. అందులో నిరీక్షణ అనే మాట ఉంది. నేను కార్డు చింపేస్తానేమోనని ఆవిడకు అనిపించినట్టుంది, "పై వచనం కూడా చదువు" అన్నారు. 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలు అని ఉంది! అది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. రేపే వచ్చేస్తారని చెప్పే ప్రవక్తలను నమ్మవద్దని అదే ఉత్తరంలో ఉంది. అక్కడే ఇళ్ళు కట్టుకోమని, తోటలు నాటి వాటి పళ్ళు తినమని, పెళ్ళిళ్ళు చేసుకోమని, ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయమని ఉంది. పదో వచనం లేకుండా పదకొండోది ఒక్కటే గోడకు తగిలించుకుంటున్నాం.

ఆ ఉత్తరం నేను మా అమ్మకు వచ్చినట్టు చదివాను, తర్వాత నాకు వచ్చినట్టు చదివాను. ఎదురుచూడటం అంటే గుమ్మంలో కూర్చోవడం అనుకుంటూ వచ్చాను ఆనాటి దాకా. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి అమ్మ ఫోటో చూస్తూ కూర్చునేదాన్ని. లెక్కల్లో ముప్పై దాటేవి కావు. తోట నాటడం అంటే నా మట్టుకు లెక్కలు చేయడమే అని తోచింది. పొద్దున్న నాలుగున్నరకు వంటమ్మ పొయ్యి వెలిగించేటప్పుడు లేచి, వంటగది లైటు పడే వరండాలో కూర్చుని చేసేదాన్ని. అద్భుతం ఏమీ జరగలేదు. అరవై వచ్చాయి, తర్వాత డెబ్బై రెండు వచ్చాయి. మార్కులు వస్తున్నాయని అమ్మ రాదని తెలుసు. అయినా అమ్మ వచ్చేసరికి నేను ఇక్కడ ఏదో ఒకటి నాటి ఉండాలి అనుకున్నాను.

పక్క మంచం స్నేహితురాలి గురించి చెప్పకపోతే తప్పు. ఆమెది వెంకటేశ్వరస్వామిని కొలిచే ఇల్లు. నా కోసం శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. "మీ దేవుడు బిజీగా ఉన్నాడేమో, మా ఆయనకు కూడా చెప్పి పెడతాను" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. మా మందిరం పెద్దలు వింటే ఏమంటారో గాని, ఆ ఆకలి నాకోసమే అని మాత్రం నాకు తెలుసు.

2016 చివర్లో ఒక రాత్రి నాన్న సెల్‌కి కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. అమ్మ! కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి అని ఒక ప్రాంగణం ఉంది. అందులో ఎన్నో భాషలవాళ్ళు వంతులవారీగా ఆరాధన చేసుకుంటారు, తెలుగువాళ్ళు కూడా. అక్కడ సెలవు శుక్రవారం. గంటల లెక్కన ఇళ్ళు తుడుస్తూ దాక్కుని తిరుగుతున్న అమ్మ ఒక శుక్రవారం ధైర్యం చేసి అక్కడికి వెళ్ళిందట. కడప జిల్లా ఆవిడ ఒకరు అన్నం పెట్టి, తన ఫోను చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఏడాదికి పైగా శుక్రవారం ఫోను తప్పలేదు. కువైట్ ప్రభుత్వం 2018 జనవరి 29 నుంచి క్షమాభిక్ష ప్రకటించిందని అమ్మకు మొదట తెలిసింది కూడా ఆ ప్రాంగణంలోనే. గడువు పొడిగించి ఏప్రిల్ 22 దాకా ఇచ్చారు. ఎంబసీలో అవుట్‌పాస్ తీసుకుని, నా పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారానికి అమ్మ శంషాబాద్‌లో దిగింది.

సాక్ష్యం అయితే ఇక్కడ ఆపేయాలి. కాని ఆరేళ్ళ తర్వాత వచ్చిన అమ్మకూ నాకూ మధ్య మాటలు లేవు. నాకు ఏ కూర ఇష్టమో ఆమెకు తెలియదు. నిద్రలో అరబ్బీలో మాట్లాడేది. మామ్మ చీర ఇస్తే కట్టుకోలేదు, పట్టుకుని కూర్చుంది. మా ఇద్దరికీ మాటలు కుదిరింది 2020లో, కరోనా వల్ల హాస్టళ్ళు మూసేసి ఇంటికి పంపినప్పుడు. పని లేదు, తిండికి కష్టం. ముగ్గురం ఒకే దీపం కింద లేసు అల్లాం. చేతులు పని చేస్తుంటే మాటలు వాటంతట అవే వచ్చాయి. ఆ ఏడు నెలల జీతం సంగతి అప్పుడు చెప్పింది. జీతం మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు అమ్మ అతుకుపని చేస్తోంది. నాకు పీజీ చివరి సెమిస్టరు. తర్వాత ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. యిర్మీయా ఉత్తరం తరచుగా చదువుకుంటాను, ఈసారి నోటిఫికేషన్ల కోసం.

ఈ ఏడు మన హాస్టల్లో ముగ్గురు పిల్లల అమ్మలు గల్ఫ్‌లో ఉన్నారని వార్డెన్ గారు చెప్పారు. మీ ముగ్గురికీ ఒక పని చెబుతున్నాను. అమ్మ పాస్‌పోర్టు, వీసా కాగితాల జిరాక్సు, కఫీల్ ఇంటి చిరునామా, ఏజెంటు ఫోను నంబరు ఒక కవరులో పెట్టి మీ ట్రంకులో ఉంచుకోండి. మా ఇంట్లో ఇవేమీ లేక ఎనిమిది నెలలు ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. విదేశాంగ శాఖ 2015లో మదద్ అనే పోర్టల్ పెట్టింది, అందులో ఇంటివాళ్ళు ఫిర్యాదు రాయవచ్చు. రాయడం రాకపోతే నేను రెండో ఆదివారం సాయంత్రం వస్తాను. భోజనాల గంట కొట్టేలోపు వరండాలో కూర్చుని రాసుకుందాం.