గేరు జారితే ముందు ఆయిల్ చూడాలి

మా ఏజెన్సీలో ఆటోమేటిక్ కార్లు ఇప్పటికీ తక్కువే. జీపులు, ఆటోలు చూసి పెరిగిన మాకు క్లచ్ లేని బండి వింతగానే ఉండేది. ఈమధ్య పట్నంలో పదీ పదిహేనేళ్లు తిరిగిన ఆటోమేటిక్ కార్లు తక్కువ ధరకు దొరుకుతున్నాయని మనవాళ్లు కూడా కొంటున్నారు. అయితే బండి కాస్త కుదిపినా, గేరు ఆలస్యంగా పడినా "గేర్‌బాక్స్ పోయింది" అనేస్తున్నారు. ఆ ఒక్క మాటకు భయపడి బండిని తుక్కు ధరకు ఇచ్చేసినవాళ్లను నేను చూశాను.

నేను పాడేరు దగ్గర షెడ్డులో మెకానిక్‌ని. నాకు చదువు చెప్పిన మాస్టారికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. క్లచ్ తొక్కలేరు. పాత ఆటోమేటిక్ కారు కొన్నాకే ఎవరినీ బతిమాలకుండా బడికి వెళ్లగలుగుతున్నారు. ఆ కారు నిరుడు ఘాట్‌లో మొరాయించింది. ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకు లాగదు. పట్నంలో ఒక షెడ్డువాళ్లు గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. అడిగిన డబ్బు కారు ధర కంటే ఎక్కువ.

"ఏంరా, దీని పని అయిపోయినట్టేనా?" అన్నారు మాస్టారు.

"అప్పుడే అనకండి మాస్టారూ, ముందు చూద్దాం" అన్నాను.

ముందు ఆయన్నే అడిగాను. ఎప్పుడు జారుతోంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? చదునులోనా, ఎక్కుడులోనా? మాడుగుల వరకు బాగానే వస్తోందట. ఘాట్ ఎక్కేటప్పుడు, మలుపుల్లో జారుతోందట. ఈ జవాబులోనే సగం దారి దొరికింది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ చేసే పని పెద్దది. ఇంజిన్ బలాన్ని అదే మోస్తుంది. పంపు ఆయిల్‌ని ఒత్తిడితో పంపితే లోపలి క్లచ్ ప్లేట్లు గట్టిగా పట్టుకుంటాయి. ఆయిల్ తగ్గితే ఎక్కుడులో అది ఒక పక్కకు చేరి, పంపు గాలి పీలుస్తుంది. ఒత్తిడి పడిపోతుంది, ప్లేట్లు జారతాయి. జారితే వేడి, ఆ వేడికి ఆయిల్ కాలుతుంది.

అందుకే బండిని వేడెక్కించి, చదును నేల మీద నిలిపి, ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ కొలిచే కడ్డీ తీశాను. చాలా బండ్లకు ఇదే పద్ధతి. కొన్నిటికి కడ్డీయే ఉండదు, అప్పుడు కింది నుంచి చూడాలి. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన కొట్టింది. మట్టం కూడా తక్కువ. బండి కిందకు దూరి చూస్తే, ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం అతుకు దగ్గర చెమ్మ కనబడింది. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయని అర్థం. మాకు అది లేదు.

తర్వాత చాంబర్ విప్పాం. లోపలి అయస్కాంతానికి సన్నని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. పాత బండిలో అంత మామూలే. ఇనుప ముక్కలు దొరికి ఉంటే కథ వేరేగా ఉండేది. గొట్టం అతుకు బాగుచేసి, ఫిల్టర్ మార్చి, కంపెనీ చెప్పిన రకం ఆయిల్ పోశాం. ఘాట్ ఎక్కించి చూశాం. జారడం ఆగింది.

మాస్టారికి నిజం కూడా చెప్పాను: ప్లేట్లు కొంత అరిగే ఉంటాయి, ఎప్పటికైనా ఖర్చు తప్పదు. ఎక్కుడులో చిన్న గేరు వేయమన్నాను. ఆగిపోతే ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగించవద్దని, ముందు చక్రాలకు బలం అందే ఆ కారుకు అలా చేస్తే లోపల ఇంకా పాడవుతుందని చెప్పాను.

షెడ్డు పని నేర్చుకునే తమ్ముళ్లకు నేను చెప్పేది ఇదే. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్నది చివర. కంప్యూటర్ పెట్టి చూసినా, 0700 నంబరు గేర్‌బాక్స్‌లో ఏదో లోపం ఉందని మాత్రమే చెబుతుంది. అది ఎక్కడుందో మనమే వెతకాలి. బడిలో ఒత్తిడి, రాపిడి పాఠం చెప్పే టీచర్లు ఒకసారి పిల్లల్ని ఏదైనా షెడ్డుకు తీసుకురండి. ఆ రెండూ మా దగ్గర రోజూ చేతికి తగులుతాయి.

మాస్టారు ఇప్పుడు నెలనెలా కొంత డబ్బు పక్కన పెడుతున్నారు. బడికి మాత్రం తన కారులోనే వెళ్తున్నారు.