రంగు తక్కువ పిల్ల

మన దగ్గర ఒక మాట ఉంది, చెవులకు ఎంత అలవాటైపోయిందంటే అన్నప్పుడు వినబడదు కూడా. "పిల్ల మంచిదే, చదువుకున్నది, పని నేర్చింది, కాని జర రంగు తక్కువ." రంగు తక్కువ అంటే ఏమిటండీ? తెల్ల కాగితానికి రంగు తక్కువ అంటే అర్థముంది. నేరేడు పండుకు తక్కువేమిటి? ఈ మాట తలకిందులుగా ఉందని లెక్కలతో సహా నాకు చూపించింది మా అమ్మాయి, ట్యాబ్‌లో బొమ్మలు వేసుకుంటూ.

తనిక్కడే నిజామాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. ఐబిస్ పెయింట్ అనే యాప్‌లో కార్టూన్ మనుషుల్ని వేస్తుంది. ఈమధ్య పెళ్లి పత్రికల మీద దేవుడి బొమ్మ కింద పెళ్లికూతురు, పెళ్లికొడుకుల కార్టూన్ వేయించుకోవడం బాగా పెరిగింది కదా, అలాంటివి అడిగినవాళ్లకు వేసిస్తుంది. రీచార్జ్ డబ్బులు నన్ను అడగడం మానేసింది, అది నాకు లాభం.

ఒకరోజు పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను. యాప్‌లో ఏ రంగుకైనా మూడు కొలతలుంటాయట. అది ఎరుపా, పసుపా, నీలమా అనేది ఒకటి. ఎంత చిక్కగా ఉందనేది రెండోది. ఎంత వెలుగుగా ఉందనేది మూడోది. తెల్లటి మనిషైనా, నల్లటి మనిషైనా మొదటి కొలత దాదాపు ఒక్కచోటే ఉంటుంది, ఎరుపుకూ పసుపుకూ మధ్య నారింజ దగ్గర. మారేది మిగతా రెండే. తెల్లటి బుగ్గకు చిక్కదనం వందకు ముప్పై లోపు పెడుతుంది, వెలుగు తొంభై దాటిస్తుంది. మనలాంటి చామనఛాయకు చిక్కదనం యాభై, అరవైకి పోతుంది, వెలుగు సగానికి దిగుతుంది. "చూసినవా మమ్మీ, మనదాంట్లోనే రంగు ఎక్కువున్నది, తెల్లోళ్లదాంట్లోనే తక్కువ" అంది. పప్పు అడుగంటింది కాని, మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

నల్లటి ఒంటికి నీడ వేయాలంటే కొత్తవాళ్లు నలుపు కలుపుతారట. కలిపితే మొహం బూడిద పూసినట్టు, జ్వరంతో లేచినట్టు అయిపోతుంది. నీడలో కూడా ఎరుపు ఉండాలి, కొంచెం వంకాయ రంగు ఉండాలి. నాకు వెంటనే బెల్లం గుర్తొచ్చింది. బోధన్ వైపు చెరుకు రసం కాగుతుంటే చూసినవాళ్లకు తెలుస్తుంది, లేత బంగారం నుంచి ముదురు ఎరుపు దాకా అది ఎన్ని రంగులు దాటుతుందో. బాగా ముదిరిన బెల్లం ముక్కను ఎండకు పట్టి చూడండి, అంచుల్లో ఎర్రగా వెలుగుతుంది. మనిషి చెవి కూడా అంతే, వెనక వెలుతురుంటే ఎర్రబడుతుంది. వెలుతురు చర్మం మీదనే ఆగదు, కొంత లోపలికి పోయి తిరిగి వస్తుంది.

ఇక మెరుపు. నల్లటి ఒంటి మీద ముక్కు కొన, బుగ్గ ఎముక స్పష్టంగా మెరుస్తాయి, ఆరుబయటైతే ఆ మెరుపులో ఆకాశం నీలం కూడా కొంచెం ఉంటుంది. ఆ మెరుపును ఉత్త తెలుపుతో వేస్తే పౌడర్ అంటినట్టే కనబడుతుందట. అరచేతులు లేత రంగులో, మోచేతులు, వేళ్ల కణుపులు ముదురుగా వేయాలి. పచ్చచీర కట్టించిన బొమ్మైతే గడ్డం కింద ఆ పసుపు పడాలి. పసుపు పంటకు పేరుపడ్డ నిజామాబాద్‌లో పుట్టి ఇది ఇన్నాళ్లూ గమనించలేదు నేను. మొన్న ఒక నలుగు ఫంక్షన్‌లో చూస్తే నిజమే, ఆడవాళ్లందరి గడ్డాల కిందా ఒక పచ్చటి వెలుగు.

నేను చదివిన తెలుగు కూడా కొంచెం పనికొచ్చింది. చామన అంటే శ్యామమే. ఛాయ అంటే రంగు, ఛాయ అంటే నీడ కూడా. మా అమ్మాయి రంగుకో లేయర్, నీడకో లేయర్ విడివిడిగా పెట్టుకుని తంటాలు పడుతుంది. మన భాష రెండింటినీ ఎప్పుడో ఒక్క మాటలో పెట్టేసింది.

సరే, అసలు సంగతికి వస్తా. మా ఆడబిడ్డ కూతురి పెళ్లి కుదిరింది. వాళ్లది బోధన్‌లో శక్కర్‌నగర్ దగ్గర. నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఉన్న చోటు, 1937లో మొదలై 2015 డిసెంబర్‌లో మూతపడిందే, అదే. పిల్ల టీచరు. ఎండలో స్కూటీ మీద తిరిగే నిఖార్సైన నల్లపిల్ల, నవ్వితే ఇల్లంతా నవ్వుతుంది. నాలుగు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. నాలుగుసార్లూ మధ్యవర్తి అదే మాట మోసుకొచ్చాడు. ఐదో అబ్బాయి ఆ మాట అనలేదు.

పత్రిక మీద బొమ్మ మా అమ్మాయే వేయాలన్నారు. ఫోటో పంపమంటే వచ్చినవన్నీ ఫిల్టర్లవి, ఒక్కదాంట్లోనూ పిల్ల లేదు. పొద్దున పూట వరండా నీడలో, ట్యూబ్‌లైట్ లేకుండా, ఫిల్టర్ లేకుండా ఒకటి తీసి పంపమని అడిగింది మా అమ్మాయి. పిల్లే తీసి పంపింది. కింద ఒక్క లైను రాసింది, "నన్ను నా లెక్కనే వెయ్యవే."

వేసింది. ఎర్ర పట్టుచీర, మెడలో బంగారం, ఆ ఒంటి మీద బంగారం ఎంత బాగా లేచిందో చెప్పలేను. గంటలో మా వదిన ఫోను. "ఏందే బిడ్డా, గింత నల్లగ పెట్టినవ్? పత్రిక ఊరంత పోతది. జర తెల్లగ చెయ్యరాదు?"

"అత్తమ్మా, తెల్లగ చేస్తే వదిన గాదు, ఇంకెవరో అయితది" అంది ఇది. నేను ఫోను తీసుకున్నాను. బకాసురుణ్ణి భీముడు చంపిన ఏకచక్రపురం మన బోధనే అని గర్వంగా చెప్పుకుంటాం కదా వదినా, అక్కడినుంచే పాండవులు ద్రౌపది స్వయంవరానికి పోయారు, ఆ ద్రౌపది పేరే కృష్ణ, నల్లనిదనే ఆ పేరు అన్నాను. మన కరీంనగర్ జిల్లాలో పుట్టిన తోట వైకుంఠం గారు గీసిన ఆడవాళ్లు చూడు, ముదురు ఛాయ మీద అంతంత బొట్లు, ఆ బొమ్మలు ఎక్కడెక్కడివాళ్లో కొనుక్కుపోయి గోడలకు పెట్టుకుంటారు అన్నాను. "నీ చదువు నాకాడ పెట్టకు" అంది వదిన. ఆవిడ కోపం నాకు అర్థమవుతుంది. నాలుగుసార్లు ఆ మాట విన్నది ఆవిడే, పత్రిక చూసి ఐదోసారి ఎవరన్నా అంటారేమోనని భయం. 2020లో ఆ ఫెయిర్ క్రీమ్ పేరే మార్చుకుంది గాని మన ఇళ్లలో ఏం మారిందని? వాట్సాప్‌లో బొటనవేలికి 2015 నుంచి ఐదు ఛాయలు ఇచ్చారు. మా ఫ్యామిలీ గ్రూపులో చూస్తే ఒక్కరూ చివరి రెండూ ముట్టరు, నల్లగా నిగనిగలాడే మా మరిది కూడా అన్నిటికంటే తెల్లదే పెడతాడు.

మా అమ్మాయి బొమ్మ మార్చలేదు. పెళ్లికూతురు ఓకే అంటేనే మారుస్తానంది, పిల్ల అననే లేదు.

ఇంతలో ప్రింటింగ్ ప్రెస్ నుంచి శాంపిల్ వచ్చింది. ఫోను తెర వెలుతురుతో బొమ్మ చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది, అందుకని ప్రింట్‌లో రంగులు ముదురుతాయి. అందులో పిల్ల మొహం బొగ్గయిపోయింది, పెళ్లికొడుకు కూడా. కాగితం మీద అసలు ఛాయ రావాలంటే ఫైల్‌లో వెలుగు పెంచి పంపాలి. పెంచి పంపింది, ఒక కాపీ ఇంటివాళ్లకూ పెట్టింది, "ఇది ప్రింట్ కోసం మాత్రమే" అని కింద రాసి మరీ.

కింద రాసింది ఎవరు చదువుతారు? వదిన వెంటనే ఫోను చేసి "ఇప్పుడు బాగున్నది బిడ్డా, ఆఖరికి మాట విన్నవ్" అని దీవించింది. మా అమ్మాయి నా వైపు చూసింది. నేను తాలింపు చూసుకున్నాను.

పత్రికలు వచ్చాయి. కాగితం మీద పిల్ల అచ్చు పిల్లలాగే ఉంది, నలుపుకు నలుపు, మెరుపుకు మెరుపు. వదిన కట్ట విప్పి ఒకటి తీసి ఎండలో తిప్పి తిప్పి చూసింది. "ఫోన్ల మంచిగనే ఉండె, ఈ ప్రెస్సోడు నల్లగ చేసిండు" అని వాణ్ణి నాలుగు తిట్టి, పసుపు కుంకుమ అద్దడానికి పళ్లెం తెమ్మంది. పళ్లెం తెచ్చింది పెళ్లికూతురే. కట్టలోంచి ఒక పత్రిక తీసి దాచుకుంటుంటే, లెక్క తప్పుతుందని వదిన కసురుకుంది.