పదమూడు ద్రాక్షల పొత్తు

దక్షిణ ఫ్రాన్సులో ఆవిన్యోఁ నగరానికి ఉత్తరాన ఉన్న షాతోనఫ్-ద్యు-పాప్ అనే ఊరి పేరుకు 'పోపుగారి కొత్తకోట' అని అర్థం. 14వ శతాబ్దంలో పోపులు కట్టించిన ఆ కోట నేడు మొండిగోడలై మిగిలినా, ఊరి పేరును ఎర్ర వైను నిలబెట్టింది. 1936లో చట్టబద్ధమైన ప్రాంతీయ గుర్తింపు పొందిన ఈ వైనులో, నియమావళి ప్రకారం, 13 ద్రాక్ష రకాల దాకా కలపవచ్చు గాని, పెత్తనం గ్రెనాష్‌దే: పండిన పండు రుచిని, మత్తును అది ఇస్తుంది, సిరా అనే రకం ముదురు రంగును, మిరియాల ఘాటును చేరుస్తుంది, మూర్వెద్ర్ టానిన్‌ను, అంటే నేరేడుపండు తిన్నప్పుడు నాలుకను పట్టేసే వగరు వంటిదాన్ని, అందిస్తుంది. తోటల్లో పరుచుకున్న నున్నని పెద్ద రాళ్లు పగటి ఎండను దాచుకుని రాత్రివేళ తీగలకు వెచ్చదనం పంచుతాయి.

ఇంత బరువైన వైనుకు తేలికపాటి చేపల వంటకం సరితూగదు. దానికి తగిన జోడి దోబ్, అనగా గొడ్డుమాంసాన్ని ఎర్ర వైనులో నానబెట్టి, థైమ్ రెమ్మలు, నారింజ తొక్క వేసి, గంటల తరబడి సన్నని సెగపై మగ్గించే ప్రొవాన్స్ కూర. అందులోని కొవ్వు, మాంసకృత్తులు వగరును మెత్తబరుస్తాయి. కాల్చిన గొర్రెపిల్ల తొడ కూడా నప్పుతుంది. మిరపకారం మాత్రం ఈ వైను పక్కన పనికిరాదు. తరచు 14 శాతం దాటే ఆల్కహాలు నోటి మంటను మరింత రేపుతుంది.